ఆకుపచ్చ స్నానం

ఊటకుంట కడిగే పండగ నాడు, నీళ్ల మీద పరిశోధన చేసే రెత్నో వేసుకున్న పథకం చాలా చిన్నది. జనం చేరకముందే వెళ్లి, నీళ్లలో వేలాడదీసిన బొగ్గు సంచిని తీసుకుని, జోగ్జా నగరంలోని ప్రయోగశాలకు పంపేయాలి. కొండ మీది బిలంలో మొన్న పోయించిన చెంచాడు రంగు ఈ ఊటదాకా వచ్చి ఉంటే ఆ బొగ్గు పట్టి ఉంచుతుంది. కంటికి మాత్రం ఏమీ కనబడదు.

కొండ నీళ్లే ఈ ఊటకు వస్తున్నాయని తేలితేనే కొండ దక్కుతుంది. సున్నపురాయి కంపెనీ వాళ్లు మధ్యాహ్నం పండగ భోజనానికి వస్తున్నారు. కొండ తవ్వుకోమని వాళ్లకు మాట ఇవ్వడానికి ఊరిపెద్ద హర్జోనో సిద్ధంగా ఉన్నాడు. ఊరంతా ఆయన్ని పాక్ లురా అంటుంది. వేసవంతా రెత్నో థర్మామీటరు పట్టుకుని వాగు పొడుగునా నడిచింది. మిట్టమధ్యాహ్నం వాగంతా వెచ్చగా ఉంటే, ఊట దగ్గర మాత్రం కాళ్లు జివ్వుమనేవి. భూమి లోపలి నీళ్లు అక్కడే పైకొస్తున్నాయని చెబితే పాక్ లురా పకపకా నవ్వాడు.

"నీడనున్న నీళ్లు చల్లగా ఉండక ఉడుకుతాయా అమ్మాయ్? కొండ ఆ పక్క, ఊట ఈ పక్క. ఆ కొండ నీళ్లు ఇక్కడికొస్తే లారీల్ని నేనే వెనక్కి తోలేస్తా!"

రెత్నో ఇంకా కుంట చేరనేలేదు, టోఫూ చేసే గినా తట్టతో ఎదురొచ్చింది.

"చూడు తల్లీ నా ఖర్మ! చీకట్లో కుంట నీళ్లు ముంచుకొచ్చి చేశా. తెల్లారి చూస్తే టోఫూ అంతా అరటాకులా పచ్చగా ఉంది. పండగపూట ఇదెవడు కొంటాడు?"

చెంచాడు రంగు ఇంత పని చెయ్యలేదు. రెత్నో పరుగున వెళ్లి, కుంట గట్టున పూలు సర్దుతున్న కార్తో తాతను పట్టుకుంది. కొండ మీది బిలానికి పూజలు చేసేది ఆయనే.

"తాతా, డబ్బాలోంచి ఎంత పోశారు?"

"మొత్తం."

"చెంచాడే అన్నాను కదా!"

"బిలంలో ఉండే ఆయనకి చెంచాతో కొలిచి పెడతామా? పిసినారి ఊరనుకోడూ! పూలు కూడా వేసి మరీ పోశా."

అప్పటికే గట్టు చుట్టూ జనం చేరారు. ఆ మాట పూర్తవుతుండగానే పాక్ లురా తెల్లబట్టల్లో కుంటలోకి దిగి మునిగాడు. తొలి మునక ఊరిపెద్దదే. ఆయన తల పైకెత్తేసరికి గట్టు మీదుగా ఎండ నీళ్లలో పడింది. అంతే, కుంట మొత్తం ఆకుపచ్చగా భగ్గుమంది. చొక్కా ఆకుపచ్చ, నెరిసిన మీసం ఆకుపచ్చ, చెవులు కూడా.

"దక్షిణ సముద్రపు రాణి వచ్చింది!" అని ఎవరో కేకపెట్టారు. ఆ రంగు ఆ సముద్రదేవతదని, ఆకుపచ్చ బట్టలతో సముద్రం ఒడ్డుకు వెళ్తే లాక్కుపోతుందని అక్కడ అందరికీ తెలుసు. సగం ఊరు మోకాళ్ల మీద పడింది.

"నా మొగుణ్ణి తీసుకుపోతుందమ్మో! ఆ బట్టలిప్పెయ్యండి!" అని పాక్ లురా భార్య గోల పెట్టింది.

"ఇంతమంది ముందరా?" అన్నాడాయన, నీళ్లలో ఇంకా కిందికి జారుతూ.

మిగతా సగం ఊరు, ఇది కంపెనీ కలిపిన విషమేనంటూ కర్రలు తీసింది. రెత్నో నోరు మూసుకుంటే చాలు, కొండ దక్కేదే. కానీ ఎవరి తలో పగిలేది. ముందుకొచ్చింది.

"రాణీ కాదు, విషమూ కాదు. వట్టి రంగు. నాదే. ఎవరికీ ఏమీ కాదు."

"మా ఊటలో రంగు పోస్తావా?" ఆకుపచ్చ మీసం అదిరింది.

"ఊటలో కాదు, పాక్ లురా. కొండ మీది బిలంలో."

పాక్ లురా కొండకేసి చూశాడు, మధ్యలో ఉన్న ఇళ్లకేసి చూశాడు, చివరికి తన అరచేతులు చూసుకున్నాడు.

"మన ఇళ్ల కిందనుంచేనా?" అన్నాడు గుసగుసగా.

"మనం పడుకునే చాపల కిందనుంచే."

తాతముత్తాతల నాటినుంచి చీకట్లో, రాతి సందుల్లో, ఒక్కరి కంటా పడకుండా నడిచొచ్చిన నీళ్లు ఇప్పుడు మెరుస్తూ వరిచేల మధ్యకు సాగిపోతున్నాయి. ఇన్నాళ్లూ వాటిని అంకెల్లోనే చూసిన రెత్నోకు ఒళ్లు పులకరించి కళ్లు చెమ్మగిల్లాయి. పాక్ లురా దోసిలి నిండా నీళ్లు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఈసారి మోకాళ్ల మీద పడ్డవాళ్లలో రెత్నో కూడా ఉంది.

మధ్యాహ్నం కంపెనీ అధికారి కారు దిగేసరికి పాక్ లురా, బట్టలైనా మార్చుకోకుండా, దారికి అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"కొండ ఇవ్వం. భోంచేసి వెళ్లండి."

అధికారి ఆయన్ని మీసం నుంచి పాదాలదాకా చూసి, భోజనానికి కూర్చున్నాడు. ఆకుపచ్చగా ఉన్న ఊరిపెద్దతో బేరం ఎలా ఆడాలో ఆయనకు ఎవరూ చెప్పి పంపలేదు.