ఫ్రీ మెడికల్

మంగళవారం ఉదయం ధాత్రి పెట్టుకున్న పని చాలా చిన్నది. టీ తాగాలి, అరనిమిషం వాయిస్ మెసేజ్ రికార్డు చేయాలి, గంగన్నకు పంపాలి.

ఖతర్‌లో, అల్ సద్‌లోని ఒక క్లినిక్‌లో ఆమె ఉద్యోగం. సొంతూరు కాకినాడ. ఆ శుక్రవారం అబూ హమూర్‌లో తెలుగు కూలీలకు ఉచితంగా షుగర్, బీపీ చూసే శిబిరం ఉంది. కిందటిసారి కరపత్రాలు పంచితే ఏడుగురు వచ్చారు. అందులో ఇద్దరు దారితప్పిన మలయాళీలు. ఈసారి యాభై మందైనా రాకపోతే తెలుగువాళ్ళ శిబిరాలు ఎత్తేస్తామని పైవాళ్ళు తేల్చి చెప్పారు. ఎత్తేస్తే ఎండలో పనిచేసే ఆ మనుషుల ఒంటి బాధ ఇంకెవరు అడుగుతారన్నది ధాత్రి దిగులు.

మేనేజర్ ఖుత్బుద్దీన్ గారు మాత్రం ధీమాగా ఉన్నారు. ఆయన ఈమధ్యే ఒక ఆన్‌లైన్ క్లాసు విన్నారు.

"అమెరికాల స్పానిష్ మాట్లాడే కూలోళ్ళను ఫోన్‌తోనే క్లినిక్‌కు రప్పిచ్చిన్రు ధాత్రీ. వాళ్ళ భాష, వాళ్ళ మనిషి గొంతు. బస్. మనం గూడ గట్లనే చేద్దాం."

ధాత్రిది తెలుగు భాషే, తెలుగు గొంతే. కనుక సగం పని అయిపోయినట్టేనని ఇద్దరూ అనుకున్నారు.

"అన్నలందరికీ నమస్కారమండీ. శుక్రవారం ఫ్రీ మెడికల్ ఉంది. షుగర్, బీపీ చూస్తారు. తప్పకుండా రావాలి," అని చెప్పి, చివర క్లినిక్ నంబరు చేర్చి పంపింది.

గంగన్నది జగిత్యాల వైపు. స్టేడియం పనిలో ఇనుప కడ్డీలు కడతాడు. కూలీలుండే ముఐథర్ క్యాంపులో వాట్సాప్ గ్రూపుకు అతనే పెద్ద. గల్ఫ్‌లో పదేళ్ళు చేసినవాడికి మెడికల్ అంటే ఒకటే అర్థం: వీసా కోసం చేసే పరీక్ష. ఫిట్ అయితే ఉంటాడు, అన్‌ఫిట్ అయితే విమానం ఎక్కుతాడు. దాన్ని ఎవరూ ఫ్రీగా, 'అండీ' అని బతిమాలి మరీ చేయరు. అందుకే అతనికి అనుమానం వచ్చింది.

"వరల్డ్ కప్ దగ్గరవడె, స్టేడియం పని అయిపోవచ్చె. షుగర్ ఉన్నోళ్ళను ఏరి ఇంటికి తోలుతరు గావచ్చు," అన్నాడు పక్కమంచం మీది భూమేష్‌తో.

భూమేష్ ఆ 'గావచ్చు' తీసేసి మిగతాది మూడు గ్రూపుల్లో పెట్టాడు.

సాయంత్రానికి క్యాంపులో చక్కెర చాయ్ బంద్ అయింది. బుధవారం దుకాణాల్లో కాకరకాయ దొరకలేదు. భూమేష్ రెండు పూటలా అన్నం మానేసి, సైటులో కళ్ళు తిరిగి కూలబడ్డాడు. అది చూసినవాళ్ళు అన్‌ఫిట్‌లు మొదలయ్యాయని ఇంకో మెసేజ్ పెట్టారు.

గురువారం పొద్దున క్లినిక్ ఫోను మోగింది. ఊరి నుంచి గంగన్న భార్య చిన్నవ్వ.

"బిడ్డా, దుబాయ్‌లకెళ్ళి మా మనిషిని ఎల్లగొడుతున్నరట గదా?"

"ఇది దుబాయ్ కాదమ్మా, ఖతర్."

"ఏదైతేంది బిడ్డా. ఎల్లగొట్టకుండ్రి."

సంగతంతా విన్న ధాత్రి ఉన్నపళంగా రెండో మెసేజ్ పంపింది. "ఎవరూ భయపడకండి. షుగర్ ఉందని తేలితే మీ సంగతి మేమే చూసుకుంటాం."

పది నిమిషాల్లో గంగన్నే ఫోన్ చేశాడు.

"మేడం, మా సంగతి చూస్తమంటిరి. నా ఒక్కనిది చూడుండ్రి, పోరగాండ్లను ఇడిసిపెట్టుండ్రి. మొన్న కాలుకు ఇనుప మొల దిగితె నాకు తెల్వనే లేదు. చెప్పుల నెత్తురు జూస్తె తెలిసింది. షుగర్ ఉంటె నాకే ఉంటది."

ధాత్రికి ఆ మనిషి మీద జాలి, తన మీద తనకు కోపం ఒక్కసారే వచ్చాయి.

"గంగన్న గారూ, ఇది వీసా మెడికల్ కాదండీ. ఈ కాగితం మీ కంపెనీకి వెళ్ళదు. చూసి మందులిస్తారు, అంతే. తప్పు నాదే. ఇప్పుడే ఇంకో మెసేజ్ పెట్టి సరిచేస్తాను."

"వద్దు మేడం," అన్నాడు గంగన్న కంగారుగా. "మీరింక ఏం వెట్టకుండ్రి. నేను చెప్త."

శుక్రవారం ఎనిమిదింటికి శిబిరం దగ్గర ఎవరూ లేరు. తొమ్మిదింటికి నూట నలభై మంది వచ్చారు గానీ, వాకిలి దాటలేదు. గంగన్న ఒక్కడే లోపలికి వచ్చి వేలు చాపాడు. షుగర్ మూడు వందల పన్నెండు. డాక్టరమ్మ కాలు చూసి, పుండుకు కట్టు కట్టించి, మాత్రలిచ్చి, వారానికి మళ్ళీ రమ్మంది. అద్దాల తలుపుకు ముఖాలు ఆనించి అందరూ చూస్తూనే ఉన్నారు.

"పాస్‌పోర్టు అడిగిన్రా కాకా?" అన్నాడు భూమేష్, అతను బయటికి రాగానే.

"లేదురా. రోజు కాళ్ళు జూసుకొమ్మన్నరు."

అప్పుడు వరుస కదిలింది. ధాత్రికి ఏడుపొచ్చినంత పనైంది.

"ఇంతకీ మెసేజ్‌లో ఏం చెప్పారండీ?" అని అడిగింది గంగన్నను.

"మెసేజ్ వెట్టలే మేడం. గ్రూపే బంద్ జేసిన. ఫోన్ల ఒకటి చెప్తె ఇంకోటి ఇనవడుతున్నది. మంచం మంచం దగ్గరికి పోయి చెప్పిన."

ఆ కాలితో క్యాంపు మూడంతస్తులూ ఎక్కి దిగాడు. ఈ మాట ధాత్రి చెప్పేలోపే ఖుత్బుద్దీన్ గారు వరుసను ఫోటో తీసి, మొబైల్ ప్రచారం అఖండ విజయం సాధించిందని పైవాళ్ళకు రిపోర్టు పంపేశారు.

శిబిరాలు కొనసాగుతాయని, ఇకమీదట ధాత్రి వారానికి రెండు వాయిస్ మెసేజ్‌లు పంపాలని మధ్యాహ్నానికల్లా జవాబు వచ్చింది.