ఉచితంగా చెవి ఆపరేషన్ అన్న ఫోను

ఆ రోజు ఎల్లేష్ అనుకున్నదల్లా బహదూర్‌పల్లిలో రెండు కిటికీలు బిగించి, మధ్యాహ్నానికల్లా శామీర్‌పేటలోని ఇంటికి వచ్చి ఓ కునుకు తీయాలని. టీ తాగుతుండగా ఫోన్ మోగింది. కూతురు వర్షకు చెవి ఆపరేషన్ మంజూరైందనీ, మిషన్‌తో సహా ఖర్చంతా ప్రభుత్వానిదేననీ, ఆధార్ కార్డులు తీసుకుని సాయంత్రంలోగా ఆసుపత్రిలో చేరాలనీ ఒకామె చెప్పింది.

మూడేళ్లు నిండని వర్షకు పుట్టుకతోనే వినపడదు. చెవిలోపల మిషన్ అమరిస్తే వింటుందనీ, ఎంత చిన్నప్పుడు పెడితే మాటలు అంత బాగా వస్తాయనీ డాక్టర్లు చెప్పారు. బయట చేయిస్తే లక్షలు. సర్కారు పథకానికి దరఖాస్తు పెట్టి, తిరిగి తిరిగి, ఎల్లేష్, అతని భార్య స్రవంతి ఆశ వదులుకున్నారు. అన్నాళ్లూ పలకని సర్కారు ఇప్పుడు తనే పిలవడం ఎల్లేష్‌కు నచ్చలేదు.

పక్కింటి బుల్లిబాబును అడిగాడు. కాకినాడ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఆయన బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాడు.

"సరిగ్గా ఇలాగే మొదలెడతారయ్యా. ముందు ఆధార్ అంటారు, ఆనక ఓటీపీ అంటారు. ఆ నంబరు బ్లాక్ చేసెయ్."

ఎల్లేష్ బ్లాక్ చేశాడు. మరో నంబరు నుంచి వస్తే దాన్నీ చేశాడు. ఒకసారి పోయి చూసొద్దామని స్రవంతి అంటే, అతని తల్లి దుర్గాబాయి పోనివ్వలేదు. పైసలు తీసుకోకుండా లోపల మిషన్ పెట్టేవాళ్లు లోపలినుంచి ఏం తీసుకుంటారోనని ఆమె భయం. ఎల్లేష్ పనికి, స్రవంతి తన కుట్టు కేంద్రానికి వెళ్లిపోయారు.

ఫోన్లు కలవకపోయేసరికి, పొద్దున ఫోన్ చేసిన ఆసుపత్రి ఉద్యోగిని మనోరమ మధ్యాహ్నం స్కూటీ మీద తానే వచ్చింది. మెడలోని గుర్తింపు కార్డు చూపించింది. దుర్గాబాయి కార్డులోని ఫొటోనూ ఎదుటి ముఖాన్నీ చాలాసేపు పోల్చి చూసింది. ఫొటోలోని మనిషి తెల్లగా ఉంది.

"కూసో బిడ్డా, చాయ్ తెస్త" అని వర్షను చంకనేసుకుని బయటికి వచ్చి, తలుపుకు గొళ్లెం పెట్టింది.

దొంగ ఉద్యోగి దొరికిందని బుల్లిబాబు వీధిలో చెప్పాడు. పక్క సందుకు చేరేసరికి అది కిడ్నీల ముఠా అయింది. మెయిన్ రోడ్డు మీదికి వెళ్లేసరికి ఆ ముఠాకో వ్యాన్ కూడా అమరింది. అందుకే పోలీసులు వస్తూనే సందు చివర ఆగిన బ్రెడ్డు వ్యాన్‌ను పట్టుకున్నారు. కబురంది ఎల్లేష్, స్రవంతి పరుగున వచ్చారు.

కానిస్టేబుల్ గొళ్లెం తీశాడు. లోపల మనోరమ ఫోన్‌లో బతిమాలుతోంది.

"ఇంకొంచెం సేపు ఆగండి సార్. పాప ఇక్కడనే ఉన్నది. ఇంట్లవాళ్లే జర భయపడ్తున్నరు."

ఫోన్ పెట్టేసి ఎల్లేష్ వైపు తిరిగింది. "అన్నా, నాకు ఓటీపీ వద్దు, మీ సంతకం గావాలె. ఇయ్యాల చేరకపోతే ఈ సీటు ఇంకో పిల్లకు పోతది. మళ్ల ఎన్నడొస్తదో నేను చెప్పలేను."

కానిస్టేబుల్ ఆసుపత్రికి ఫోన్ చేసి నిజమేనన్నాడు. ఎల్లేష్ గబగబా ఆధార్ కార్డులు తీశాడు. పోలీసు జీపు అప్పటికే ఇంకో వ్యాన్ వెంట వెళ్లింది. ఆసుపత్రికి వెళ్లడానికి దొరికింది బ్రెడ్డు వ్యానే. అందరూ అందులోనే ఎక్కారు. దుర్గాబాయి దారంతా మనోరమ చెయ్యి వదల్లేదు. అది క్షమాపణో కాపలాయో ఆమెకే తెలియదు.

ఆపరేషన్ జరిగింది. గాయం మానాక, చెవి వెనుక పెట్టే మిషన్‌ను డాక్టర్లు మనోరమ ఎదుటే మొదటిసారి ఆన్ చేసి, పిల్లను పిలవమన్నారు.

"వర్షా" అన్నాడు ఎల్లేష్.

పిల్ల బిగుసుకుపోయింది. తండ్రి నోటి వంక చూసింది. కుర్చీ దిగి బల్ల కింద వెతికింది, కర్టెన్ ఎత్తి చూసింది.

"ఇన్నది. నా తల్లి ఇన్నది" అంటూ దుర్గాబాయి కొంగుతో ముఖం కప్పుకుంది. స్రవంతి నేల మీదే కూలబడి ఏడ్చింది.

వర్ష మాత్రం నడుం మీద చేతులు పెట్టుకుని, గదిలోని ఒక్కొక్కరినీ కళ్లు చికిలించి పరిశీలించసాగింది. అది చూశాక, ఆమె ఆ ఇంటి పిల్లేనన్న విషయంలో మనోరమకు ఏ అనుమానమూ మిగల్లేదు.