పిక్కకు పసుపు కట్టు

చెన్నమ్మ నీళ్లకు వెళ్లిన సందు చూసి, ఆమె మొగుడు బ్రహ్మాజీ డబ్బాలోంచి గుప్పెడు పసుపు తీశాడు. నీళ్లు పోసి ముద్ద చేసి, కుడి పిక్క నిండా పట్టించి, పాత పంచె చింపి కట్టు కట్టుకున్నాడు. ఆ పిక్కకు ఏ నొప్పీ లేదు. నిన్ననే అదే కాలితో సున్నం మిల్లు గేటును తన్ని తెరిచాడు.

నొప్పి ఉన్నది మనసుకు. సింగడనే గిత్తను అతను దూడప్పటి నుంచీ సాకాడు. నిరుడు గతిలేక రాజుపాలెం రైతుకు అమ్మి, ఇంటికొచ్చి గోడకేసి తిరిగి పడుకున్నాడు. ఆ సింగడు ఈ సాయంత్రం రాజుపాలెంలో మొదటిసారి బండ లాగుడు పోటీకి దిగుతున్నాడు. సొంత కొడుకు పరీక్షకు వెళ్తున్నంత కంగారుగా ఉంది బ్రహ్మాజీకి. సెలవు అడిగితే మిల్లు సూపర్‌వైజర్ మౌలాలీ నిన్న ఒకే ముక్క అన్నాడు.

"లోడ్లు పోయే రోజు సెలవేందిరా? కాలో చెయ్యో ఇరిగితే రా, ఆలోచిద్దాం."

విరగ్గొట్టుకోవడం ఎందుకని బ్రహ్మాజీ పసుపుతో సరిపెట్టాడు. చెన్నమ్మకు చెబితే తనూ వస్తానని చీర మార్చుకుంటూ కూర్చుంటుందని ఆమెకూ చెప్పలేదు.

మిల్లు యార్డులోకి కుంటుతూ వచ్చాడు. కుంటడం అలవాటు లేనివాడు కావడంతో మంచి కాలు మెలికపడి, సున్నప్పొడి కుప్పలో కూలబడ్డాడు.

పసుపుకు ఆ రంగునిచ్చేది ఫినాల్ అనే రసాయనాల జాతి పదార్థం. వాపు తగ్గించే గుణం అందులో ఉందని చదువుకున్నవాళ్లు ఇప్పుడు పరిశోధించి చెబుతున్నారు. అమ్మమ్మలు ఉత్తినే చెప్పినప్పుడు ఎవరూ వినలేదు. సున్నం తగిలితే అది ఎర్రగా తిరుగుతుందన్న సంగతి పారాణి కలిపే ప్రతి ఆడమనిషికీ తెలుసు. పొద్దస్తమానం సున్నంలో మునిగి తేలే ఆ మిల్లు మగవాళ్లలో ఒక్కడికీ తట్టలేదు.

"ఓర్నాయనో, రగతం!" అని మౌలాలీ గావుకేక పెట్టాడు. "కాలు తెగిందిరో!"

"ఎవరి కాలు బాబాయ్?" అంటూ బ్రహ్మాజీ కిందికి చూసుకున్నాడు. ఎర్రగా తడిసిన కట్టు కనబడింది. తన అబద్ధాన్ని తనే నమ్మేసి, అక్కడే స్పృహ తప్పాడు.

మిల్లు యజమానికి ఫోన్ వెళ్లింది. కేసవుతుందని ఆయన గుండె జారిపోయింది. "సంగతి బయటికి పొక్కగూడదు. నా కారు పంపిస్తున్నా, ఎక్కడికి కావాలంటే అక్కడికి తీసకపో" అన్నాడు.

కారు పక్కవీధి క్లినిక్‌కు చేరేసరికి డాక్టరింకా రాలేదు. కాంపౌండర్ పిచ్చియ్య కట్టు విప్పి, సబ్బు పెట్టి కాలు తోమాడు. సబ్బు గుణమూ ఇంచుమించు సున్నం గుణమే. తోమినకొద్దీ కాలు ఇంకా ఎర్రబడింది.

"గాయమేదయ్యా?" అన్నాడు మౌలాలీ.

"కనబట్టల్లా. లోపల్నించి ఊరతా ఉంది. ఇంత మొండి రగతం నేను చూళ్లా!"

ఇంతలో మిల్లు నుంచి కబురందిన చెన్నమ్మ ఆటో దిగి, వీధంతా వినబడేలా ఏడుస్తూ వచ్చింది. మంచం దగ్గరికొచ్చి కాలు చూడగానే ఏడుపు సగంలో ఆగింది. వంగి వాసన చూసింది.

"మావయ్యా, మీరిద్దరూ కాసేపు బయటుండండి. తనివితీరా ఏడుసుకుంటా."

వాళ్లు వెళ్లగానే తలుపు వేసి, గుమ్మానికి దిష్టికి కట్టిన నిమ్మకాయ తెంపి, పిక్క మీద పిండింది. పిండినంత మేరా కాలు పసుప్పచ్చగా తిరిగింది. ప్రాణం లేచొచ్చి బ్రహ్మాజీ కళ్లు తెరిచాడు.

"బతికానా?"

"ఇప్పటిదాకా బతికే ఉన్నావు. ఇంక నా చేతుల్లో ఉంది. ఏందిది?"

దాచి లాభం లేక అంతా కక్కేశాడు. చెన్నమ్మ కళ్లలో ఈసారి నిజంగానే నీళ్లు తిరిగాయి.

"దానికి గంజి తాపింది ఎవరు? జబ్బు చేస్తే కొట్టంలో పడుకుంది ఎవరు? నన్నొదిలేసి నువ్వొక్కడివే పోతావా?"

"తప్పయిపోయిందే. బాబాయికి చెప్పమాక, పని పోద్ది!"

చెన్నమ్మ ఆలోచించింది. బొడ్లోంచి తాంబూలం సున్నం డబ్బా తీసి, పిక్కకు వేలితో శ్రద్ధగా రాసింది. కాలు మళ్లీ రక్తసిక్తమైంది. దాని మీద గుడ్డ చుట్టి తలుపు తీసింది.

"మావయ్యా, మా పుట్టింటికి తీసకపోతా. మా అమ్మ పసరు కడితే ఎంత రగతమైనా ఆగుద్ది. రాజుపాలెమే."

యజమాని కారులో, కాలు మౌలాలీ ఒళ్లో పెట్టుకుని, బ్రహ్మాజీ రాజుపాలెం చేరాడు. పోటీల మైదానం అత్తగారింటి వెనకే. ఆ ఇంట్లో మంచమెక్కించగానే సంతోషంతో లేవబోతే, మౌలాలీ మంచానికేసి అదిమాడు.

"కదలమాక! నీకేమన్నా అయితే ఓనరు నన్ను నమిలేస్తాడు." తర్వాత గొంతు తగ్గించాడు. "సెలవివ్వలేదని కోపం పెట్టుకోమాక రా. ఈ పందేలు చూద్దామని నేనూ సెలవడిగా, ఓనరు ఇవ్వలా. అల్లా దయ, నీ కాలు పుణ్యం."

"అయితే పదండి మావయ్యా, మొదలవుతాయి" అని చెన్నమ్మ చీర సవరించుకుంది.

ఇద్దరూ వెళ్లిపోయారు. బ్రహ్మాజీ కాలు రెండు దిండ్లమీద ఉంది, గుమ్మంలో అత్త లక్ష్మీతిరుపతమ్మ కాపలా ఉంది. గోడ అవతల జనం అరుస్తున్నారు. చాలాసేపటికి మైకులో సింగడి పేరు వినబడింది, వెంటనే మొదటి బహుమతి అన్న మాటా వినబడింది. పెంచిన ప్రాణం గెలిచిన ఆనందమూ, చూడలేకపోయిన దుఃఖమూ ఒక్కసారే పొంగి బ్రహ్మాజీ భోరుమన్నాడు.

అల్లుడు నొప్పికి ఓర్చుకోలేకపోతున్నాడని అత్త ఇంకో గుప్పెడు పసుపు తెచ్చింది.