డమ్మీ పేజీలో కుదిరిన పొత్తు

పోలింగుకి రెండు రోజుల ముందు, పొద్దున తొమ్మిదింటికి, నీళ్లక్క తన పేజీ పట్టుకుని ఎడిటర్ గదిలోకి వెళ్లింది. ఏ నాయకుడు కనిపించినా ముందు మంచినీళ్ల సంగతి అడుగుతుందని పేపరాఫీసులో ఆమెకు ఆ పేరు. రెండు నెలలు కూర్చుని అయిదు పార్టీల మేనిఫెస్టోలు చదివి, ఎవరేం చేస్తామన్నారో ఒక పేజీలోకి దించింది. రేపటి పేపర్లో పడకపోతే అది చెత్తబుట్టకే.

"విధానాలు ఎవరిక్కావాలమ్మా? ఎవరు ఎవరితో కలుస్తారో అది కావాలి," అన్నాడు ఎడిటర్.

"కలిసి ఏం చేస్తారండీ?"

"అది కలిశాక చూసుకుందాం. ఇది తీసేసి పొత్తుల పటం పెట్టు. ఎవరితో ఎవరో రిపోర్టర్లు సాయంత్రానికి తెస్తారు."

అసలు వార్త వచ్చేదాకా ఖాళీలను ఏదో ఒకదానితో నింపి డమ్మీ పేజీ కట్టడం అక్కడి పద్ధతి. నీళ్లక్క పళ్లు కొరుకుతూ అయిదు గుర్తులూ పేర్చి, గొడుగుకీ నిచ్చెనకీ మధ్య స్కేలుతో ఒక గీత గీసింది. ఆ పార్టీలు ఒకరి గుమ్మం ఒకరు తొక్కి ఇరవై ఏళ్లు. కానీ గొడుగు నీలం పక్కన నిచ్చెన పసుపు కుదిరింది.

ఏదో ప్రకటన ఇచ్చిపోదామని వచ్చిన గొడుగు పార్టీ అధికార ప్రతినిధి బల్ల మీద ఆ పటం చూశాడు. ఏమీ అడగలేదు. ఫొటో తీసుకుని వెళ్లిపోయాడు.

పదకొండింటికి ఆ ఫొటో చూసిన గొడుగు అధ్యక్షుడు, ఈ పుకారు నువ్వే పుట్టించావని నిచ్చెన అధ్యక్షుడికి ఫోన్ చేసి తిట్టాడు. ఆయనా తిట్టాడు. రేపు పటం పేపర్లో పడ్డాక విడివిడిగా ఖండిస్తే జనం నమ్మరని పన్నెండింటికి ఇద్దరికీ తోచింది. ఉమ్మడి ఖండన రాయడానికి ఒక గదిలో కూర్చున్నారు. రెండింటికి లోపలికి టీ వెళ్లింది. మూడింటికి తలుపు తీసి, పొత్తు కుదిరిందన్నారు.

నీళ్లక్క టీవీ ముందు నిలబడిపోయింది. పొద్దున తను గీసిన గీత మీద రెండు పార్టీలు నడిచొస్తున్నాయి.

"నీకెవరు చెప్పారమ్మా?" ఎడిటర్ గొంతు తగ్గింది.

"ఎవరూ చెప్పలేదండీ. రంగులు కుదిరాయంతే."

"వద్దొద్దు, నాక్కూడా చెప్పకు. చెప్పినవాణ్ణి కాపాడుకోవాలి," అంటూ తన కుర్చీ జరిపి ఆమెను కూర్చోబెట్టాడు.

నాలుగింటికి అధికార ప్రతినిధి ఫోన్.

"అక్కా, కొంప మునిగింది! మీ ఉమ్మడి విధానం ఏమిటని విలేకరులు పీక్కుతింటున్నారు. అయిదింటికి చెప్తామన్నాం. రెండు మేనిఫెస్టోలూ చదివింది మీరొక్కరేనట!"

"మంచినీళ్లు, బస్సులు, బడులు... మూడింట్లోనూ మీ ఇద్దరిదీ ఒకే మాట."

"నిజంగానా? మరి ఇరవై ఏళ్లుగా ఎందుకు కొట్టుకుంటున్నాం?"

"అది మేనిఫెస్టోలో లేదు."

ఆమె తన పేజీ పంపింది. అయిదింటికి ఇద్దరు అధ్యక్షులూ దాన్ని చెరో పేరా చదివారు. ఎడిటర్ పరుగెత్తుకొచ్చాడు.

"అక్షరం పోకుండా మొదటి పేజీలో వెయ్యి!"

ఆ రాత్రి ఆమె పేజీ అచ్చయింది. మర్నాడు ఫోన్ చేసిన పాఠకులందరూ అడిగింది ఒక్కటే, మిగతా మూడు పార్టీలూ ఎవరితో కలుస్తాయని.