పిన్నిగారి బస్సు, చచ్చిన బ్యాటరీ

ఆ శనివారం రదోయే పెట్టుకున్న పని ఒక్కటే: భార్య పిన్ని దెసాంకను బస్సెక్కించడం. ఇంటిదేవుడు నికొలా స్వామి పండుగకని రెండ్రోజులకు వచ్చిన ఆవిడ నెల దాటినా కదల్లేదు. ఆవిడ రదోయే మంచం మీద, రదోయే వంటింట్లో రెండు కుర్చీల మీద. అతని నడుం అతనిది కాకుండా పోయింది. ఆవిడ ఊరికి బస్సు వారానికొక్కటే. ప్రతి శనివారం కారు చచ్చి పడుంటోంది, బస్సు పోతోంది. కొత్త బ్యాటరీ వేయించినా అదే కథ.

ఈసారీ తాళం తిప్పితే టిక్కుమంది, అంతే. బస్సు మధ్యాహ్నానికి. కింది వాటాలో ఉండే మోమ్‌చిలో అనే అతను తన కారు బ్యాటరీ ఊడదీసి తెచ్చి రదోయే కారుకు పెట్టి, మధ్యలో కరెంటు కొలిచే మీటరు తగిలించాడు.

"ఏదో దొంగచాటుగా కరెంటు తాగుతోందిరా. అది దొరికేదాకా నా బ్యాటరీతో బండి తీయనివ్వను. ఫ్యూజులు ఒక్కోటీ పీకుదాం. ఏది పీకితే అంకె పడిపోతుందో అదే దొంగ."

రేడియో ఫ్యూజు పీకడానికి తలుపు తెరిచాడు. లోపలి లైటు వెలిగి అంకె పెరిగింది. "చూశావా, రేడియోకి ఉలిక్కిపాటు," అని రేడియోనే ఊడబెరికాడు. ఆ ఊపులో ఏ తీగ లాగాడో, హారన్ మొదలై ఆగలేదు. బిల్డింగంతా కిందికి దిగింది.

వాల్యెవో పట్నంలో కారు బానెట్ దగ్గరికి సలహాతో వచ్చినవాడు అతిథే. అతిథికి రాకియా, అదే పళ్ళ సారా, పోయకపోతే ఊళ్ళో తలెత్తుకోలేం. రదోయే ఒక్కో సలహాకు ఒక్కో గ్లాసు చొప్పున నాలుగంతస్తులు ఎక్కి దిగాడు. ఒకాయన చలి అన్నాడు, ఇంకొకాయన దిష్టి అన్నాడు. ఫ్యూజులన్నీ పీకడం అయిపోయింది, హారన్ ఆగింది. అంకె మాత్రం కదల్లేదు.

కాళ్ళు పీకి రదోయే బానెట్ మీద వాలాడు. అప్పుడు కనబడింది, బ్యాటరీ నుంచి సూటిగా లోపలికి పోతున్న సన్నటి తీగ. అది పట్టుకుని వెళ్తే, మూత బిగుసుకుపోయిందని రదోయే ఏళ్ళుగా ముట్టని డ్యాష్‌బోర్డు అర. బలవంతాన లాగితే లోపల నికొలా స్వామి పటం, పటం ముందు ఎర్ర బల్బు.

"ఇది తగిలించిందెవరు?"

"నేనే," అన్నాడు మోమ్‌చిలో తాపీగా. "ప్రయాణంలో స్వామి కాపాడతాడని పండుగ మర్నాడు పిన్నిగారు అడిగారు. తాళం తీసినా ఆరకూడదన్నారు. అందుకని సూటిగా బ్యాటరీకిచ్చా."

"మరి పొద్దుట్నుంచీ నోరు మెదపవేం?"

"దేవుడి దీపంరా అది. దాన్నెవడైనా కరెంటు ఖర్చులో లెక్కేస్తాడా?"

రదోయేకు కోప్పడే ఓపిక కూడా లేదు. తీగ పీకాడు. అంకె పడిపోయింది. మీటరు తీసి ఫ్యూజులు మళ్ళీ పెట్టాక కారు మొదటి తిప్పుకే అందుకుంది. నెల రోజుల్లో మొదటిసారి అతనికి ప్రాణం లేచొచ్చింది. పరుగున పైకెళ్ళి పిన్నిగారి పెట్టె తెచ్చి డిక్కీలో పెట్టాడు.

పిన్నిగారు తలగుడ్డ సర్దుకుని ముందు సీట్లో కూర్చుంది. తెరిచున్న అరలోకి చూసింది.

"దీపం ఆర్పిందెవరు నాయనా?"

మోమ్‌చిలో ఆకాశం చూశాడు. మిగతావాళ్ళు రదోయేను చూశారు.

"నేనే పిన్నిగారూ. బ్యాటరీ కోసం... ఇప్పుడే మళ్ళీ వెలిగిస్తా."

"నువ్వు వెలిగిస్తే చాలుతుందా? ఆరిన స్వామి దీపాన్ని పండుగ నాడు పాదిరీగారే వెలిగించాలి. అందాకా నేను రోడ్డెక్కకూడదు. వచ్చే ఏడు పండుగెంత, ఇట్టే వచ్చేస్తుంది. పెట్టె పైకి తీసుకురా."

ఆ తర్వాత కారు ఏ శనివారమూ మొరాయించలేదు.