మూడు గుండుసూదుల ముఖం

నిప్పు, చక్రం, ప్యాంటు జిప్పు. వీటి తర్వాత మానవజాతి వేసిన నాలుగో పెద్ద అడుగు, మనుషుల అవసరం లేని బ్యాంకు. ఆ అడుగు వీధి చివరనున్న శాఖలో పడిన రోజున మూడు కౌంటర్లలో రెండు తీసేసి, వాటి స్థానంలో ఒక పూలకుండీని, 'మీకు మరింత చేరువయ్యాం' అనే బోర్డునూ పెట్టారు. (పూలు ప్లాస్టిక్‌వి. వాటికి నీళ్లు పోయడానికి మాత్రం ఒక ఉద్యోగిని నియమించారు.)

శాఖకు ఇరవై అడుగుల దూరంలో ఒక దర్జీ కొట్టు ఉంది. వీధంతా ఆయన్ని మాస్టారు అనే పిలుస్తుంది. ఆయన్ని 'మొబైల్ మిత్ర' ఖాతాలో చేర్చుకోవడానికి బ్యాంకు నుంచి చేర్పింపుల అధికారిణి స్వయంగా కొట్టుకు వచ్చింది. ఆ సమయానికి మాస్టారు నేల మీద గొంతుక్కూర్చుని ఒక లాయరుగారి ప్యాంటు అంచు మడుస్తున్నారు. పెదవుల మధ్య మూడు గుండుసూదులున్నాయి. ఫొటో అనగానే ఆయన వాటిని తీయబోయారు.

"వద్దండీ, కదలకండి! ఖాతాదారుడు సహజ స్థితిలో ఉండాలని రూలు" అందావిడ.

నోట్లో గుండుసూదులు లేని మాస్టారిని ఆ వీధిలో చూసినవాళ్లు తక్కువ. కాబట్టి రూలు తు.చ. తప్పకుండా అమలైంది.

ఆ తర్వాత నాలుగు నెలల పాటు ఖాతాకూ మాస్టారికీ ఎలాంటి గొడవా రాలేదు. ఆయన దాన్ని తెరవకపోవడమే కారణం. తెరవాల్సిన అవసరం కాజా మిషన్ రూపంలో వచ్చింది.

చొక్కా గుండీలు దూర్చే కాజాలన్నీ మాస్టారి భార్యే కుడుతుంది. చేత్తోనే, చొక్కాకు ఏడు చొప్పున, ఇరవై ఏళ్లుగా. ఈమధ్య ఆవిడ వేళ్లు పొద్దున్నే ముడుచుకోవడం లేదు. డాక్టరు చూసి, వేళ్లకు విశ్రాంతి ఇవ్వమన్నాడు. అది విన్న రోజు మాస్టారికి అన్నం సయించలేదు. అదృష్టం బాగుండి, పక్క వీధిలో ఒకాయన కొట్టు ఎత్తేస్తూ కాజా మిషన్‌ను సగం ధరకు ఇస్తానన్నాడు.

"సాయంత్రం ఐదింటికల్లా డబ్బు నా ఖాతాలో పడాలి మాస్టారూ. లేదంటే యూనిఫాంల కాంట్రాక్టరు పట్టుకుపోతాడు. తర్వాత నన్ననుకోవద్దు" అన్నాడు.

మూడింటికి మాస్టారు నోరు ఖాళీ చేసుకుని, ముఖం కడుక్కుని, తల దువ్వుకుని ఫోన్ ముందు కూర్చున్నారు. బ్యాంకు ముందుకు వెళ్లేటప్పుడు శుభ్రంగా ఉండాలని ఆయన నమ్మకం.

'మీరు మీరు కారు' అంది యాప్.

కళ్లద్దాలు తీశారు. కళ్లు మూసి తెరిచారు. నవ్వమంటే నవ్వారు. ఇంకొంచెం మనస్ఫూర్తిగా నవ్వమంటే, కష్టమైనా నవ్వారు. చివరికి యాప్ కాస్త వివరంగా చెప్పింది: 'మీ ముఖంలో ముఖ్యమైన భాగం లోపించింది.' మాస్టారు కంగారుగా ట్రయల్ అద్దం దగ్గరికి వెళ్లి ముక్కూ చెవులూ చూసుకున్నారు. అన్నీ ఉన్నాయి. చిరునవ్వుల ధ్రువీకరణ విభాగానికి ఫోన్ చేస్తే, ఆయనకంటే ముందు నాలుగు వందల పన్నెండు మంది నవ్వడానికి వేచి ఉన్నారని తెలిసింది.

నాలుగున్నరకు శాఖకు పరిగెత్తారు. మేనేజరు తన సీట్లోనే ఉన్నాడు. ఒంటి మీదున్నది ఆరేళ్ల కిందట మాస్టారు కుట్టిన ప్యాంటే. ఇప్పుడది హుక్కు మీద భారం వేసి బతుకుతోంది.

"సార్, నేనెవరో మీకు తెలుసు కదా!"

"ఎందుకు తెలీదు మాస్టారూ? కానీ నాకు తెలియడం వ్యక్తిగతం. బ్యాంకుకు తెలియాలి."

"పోనీ, చెక్కు రాసిస్తాను. మీరే పంపించండి."

"అయ్యయ్యో! మొబైల్‌తో స్నేహం కుదిరిన ఖాతా కౌంటరుతో మాట్లాడకూడదు. ఇరవై ఏడో నియమం."

"మరి నన్నేం చేయమంటారు?"

"ఫొటో దిగినప్పటి ముఖంతో రండి. అంతే! ఎవరి ముఖం వారి దగ్గరే ఉంటుంది కదా" అని మేనేజరు ఎంతో ఆప్యాయంగా నవ్వాడు. (ఆయన నవ్వును బ్యాంకు ఎప్పుడో ధ్రువీకరించింది.) "అన్నట్టు, వారంలో పెద్ద మీటింగుంది. ఎల్లుండి కొత్త ప్యాంటుకు కొలతలివ్వడానికి వస్తాను."

మాస్టారు తిరిగొచ్చేసరికి నాలుగూ నలభై ఐదు. ఆయన ముఖం చూడగానే భార్యకు సంగతి అర్థమైంది.

"పోనివ్వండి. ఇన్నాళ్లూ కుట్టలేదా ఏంటి?" అంటూ ఆవిడ సూదిలోకి దారం ఎక్కించబోయింది. దారం రెండుసార్లు జారిపోయింది.

ఏం చేయాలో తోచనప్పుడు మాస్టారు చేసేది ఒకటే, పని. ఎదురుగా ఉన్న ప్యాంటు తీసుకుని, అలవాటు కొద్దీ మూడు గుండుసూదులు పెదవుల మధ్య పెట్టుకున్నారు. భార్య తలెత్తి చూసి, ఉన్నట్టుండి సూది కింద పడేసింది.

"ఏవండీ! ఆ బ్యాంకావిడ ఫొటో తీసినప్పుడు ఇవి నోట్లోనే ఉన్నాయి కదా! ఉండండి, తీయకండి!"

ఫోన్ తెచ్చి ఆయన ముఖానికి ఎదురుగా పట్టుకుంది.

'స్వాగతం మాస్టారూ' అంది యాప్. 'చాలా రోజులకు కనిపించారు. నవ్వండి.'

నోట్లో మూడు గుండుసూదులతో నవ్వడం తేలికైన విద్య కాదు. ఒకటి కింది పెదవిలో దిగింది కూడా. అయినా ఆయన నవ్వారు. 'మీ చిరునవ్వు ఆమోదించబడింది' అని వచ్చేసరికి నాలుగూ యాభై ఎనిమిది.

మర్నాడు పొద్దున్నే మిషన్ తోపుడుబండి మీద వచ్చింది. భార్య ఒక పాత గుడ్డపీలిక మీద వరసగా పాతిక కాజాలు కొట్టేసి, ఒక్కో కాజాలోంచి మాస్టారిని చూసి, చిన్నపిల్లలా నవ్వింది. పెదవికి ఆయింట్‌మెంట్ రాసుకుంటున్న మాస్టారు కూడా నవ్వారు. ఆ నవ్వుకు ఎవరి ఆమోదమూ అక్కర్లేకపోయింది.

అన్న మాట ప్రకారం మేనేజరు ఆ మర్నాడు వచ్చాడు. మాస్టారు టేపు చుట్టారు. ముప్పై ఎనిమిది. కొలతల పుస్తకం తెరిచి చూశారు. మళ్లీ టేపు చూశారు. పుస్తకం మూసేశారు.

"మీరు మీరు కారు సార్."

"అదేంటి మాస్టారూ! నేనెవరో తెలీదా?"

"తెలుసు. కానీ నాకు తెలియడం వ్యక్తిగతం. పుస్తకంలో ఉన్న మేనేజరుగారి నడుము ముప్పై రెండు."

"అది ఆరేళ్ల కిందటి మాట! ఇప్పుడు నన్నేం చేయమంటారు?"

వెనక కాజా మిషన్ చప్పుడు ఆగింది. మాస్టారు నోట్లోంచి మూడు గుండుసూదులూ తీసి, చాలా వినయంగా అన్నారు:

"పాత నడుముతో రండి సార్. ఎవరి నడుము వారి దగ్గరే ఉంటుంది కదా."