తోటలు పోయాయి, ఇక దిగులెందుకు?

కాఫీ తోటలు పోవడమంత అదృష్టం మా కొలంబియా కొండలకు ఇంకొకటి లేదు!

ఎండనక, వాననక కొండవాలున నడుం వంచి పళ్లు కోసిన జనం మేము. ఇప్పుడో? కొండలు అవే, టోపీలు అవే, నడుం నొప్పి మాత్రం లేదు. అభివృద్ధి అంటే ఇంకెలా ఉంటుందండీ!

నమ్మకపోతే మా పక్కింటి ఆర్సెసియోను చూడండి. కాఫీ ధర పడిపోయిన ఏడాది తోటను ఒక రిసార్టువాళ్లకు అమ్మేశాడు. వాళ్లు మొక్కలు పీకించి ఈతకొలను తవ్వించి, దానికి ‘కాఫీ పువ్వు’ అని పేరు పెట్టారు. పువ్వు పోయినా పేరు నిలిచిందా లేదా? గేటు పక్కన కొన్ని మొక్కలు మాత్రం ఉంచారు, ఫొటోల కోసం. ఆర్సెసియోనూ ఉంచారు. అదీ ఫొటోల కోసమే.

తెల్ల చొక్కా, గడ్డిటోపీ, నడుముకు బుట్ట. సొంత తోట చేసినన్నాళ్లూ ఆయన అంత తెల్లటి చొక్కా తొడిగిన పాపాన పోలేదు. వేషం వేశాకే రైతులా కనిపించాడు! ఆయన భార్య ఎర్మెలిందా ఒకప్పుడు కూలీలకు గంగాళాల్లో చిక్కుడుగింజలు ఉడికించేది. ఇప్పుడు అక్కడే అతిథులకు అవకాడో టోస్టు అలంకరిస్తోంది. “ఇంత ముక్క తిని వీళ్లు కొండెలా ఎక్కుతారో ఏమో!” అని ఆవిడ బెంగ. ఎక్కరమ్మా, జీపులో వెళ్తారు!

అంతా సవ్యంగా సాగుతుండగా ఆ కాసిని మొక్కలూ విరగకాశాయి. పండు కనబడితే ఆర్సెసియో చేతులు ఊరుకుంటాయా? ఎర్రబడ్డ పండునల్లా కోసేశాడు. బుట్ట బరువెక్కేసరికి ఈల కూడా వేశాడు.

మేనేజరమ్మాయి పరుగెత్తుకొచ్చింది. “అయ్యో పెద్దాయనా, అన్నీ కోసేశారేంటి! రేపొచ్చే గెస్టులు ఏం ఫొటో తీసుకుంటారు?”

“పండాయి కదమ్మా, కోశాను.”

“కోస్తున్నట్టు ఉండాలంతే. నిజంగా కొయ్యమని ఎవరన్నారు?”

“కొయ్యకపోతే రాలి పురుగు పడుతుంది తల్లీ. పక్క కొండ తోటలకీ పాకుతుంది.”

“పురుగు ఫొటోలో పడదు లెండి!”

ఎంత శాస్త్రీయమైన జవాబో చూశారా! మర్నాడే కొమ్మలకు ప్లాస్టిక్ పళ్లు వేలాడదీశారు. వాడవు, రాలవు, పురుగు పట్టదు. ఆర్సెసియో ఒక పండును వేళ్ల మధ్య నొక్కి చూశాడు. టోపీ తీసి కొమ్మకు తగిలించి ఇంటికొచ్చేశాడు.

“ఏమయ్యా, ఉద్యోగం వదిలేసొచ్చావా?” అంది ఎర్మెలిందా.

“వాళ్లకి కావలసింది టోపీయేనే. ఇచ్చొచ్చాను.”

ఇప్పుడాయన పక్క కొండమీద పరాయివాళ్ల తోటలో కూలికి పళ్లు కోస్తున్నాడు. రిసార్టువాళ్లు పట్నం నుంచి నాటకాలాడే కుర్రాణ్ణి తెచ్చుకున్నారు. మంచి మీసం! అచ్చమైన కాఫీ రైతంటే ఇతనేనని గెస్టులు తెగ మెచ్చుకుంటున్నారు. మా సంస్కృతికి ఇంతకంటే ఏం కావాలి?

మొన్న ఆదివారం నేనూ ఆర్సెసియో ఆ దారిన వస్తూ గేటు దగ్గర కాసేపు నిలబడ్డాం. మొక్కల మధ్య ఆ మీసాల కుర్రాడు పళ్లు కోస్తున్నట్టు నిలబడ్డాడు. ఆర్సెసియో చూస్తున్నది మాత్రం తన మొక్కల్ని. వెనకనుంచి ఫోను పట్టుకున్న ఒకావిడ, పాపం మర్యాదగానే, ఆయన భుజం తట్టింది.

“కొంచెం పక్కకు జరుగుతారా? రైతు కనబడటం లేదు.”

ఆర్సెసియో జరిగాడు. ఈ కొండల్లో మేమందరం అలాగే జరుగుతూ వస్తున్నాం.